విన్న కొండ కింద మూడు ఫోన్లు

జనవరిలో ఢిల్లీ వెళ్లొచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల క్లాసులో లేచి అడిగింది. "సార్, విమానం దిగాక కిటికీలోంచి చూస్తే రెక్క చివర కూడా కనపడలా, అంత పొగమంచు. అయినా ఇరవై నిమిషాలు మలుపులు తిరుగుతానే ఉంది. టవర్లో వాళ్లకూ మంచేగా, దారి ఎట్టా చెప్తారు?"

రాడార్ అని ఊరుకోవచ్చు గానీ అది సగం జవాబే. నేల మీది విమానాలను చూసే రాడార్‌కు భవనాల వెనక ఏముందో కనపడదు. వాన జోరైతే తెర నిండా మచ్చలు. కనపడిన చుక్క విమానమో ట్రాక్టరో కూడా అది చెప్పదు. దానికి పోటీగా వచ్చింది మల్టీలేటరేషన్. ఇది చూడదు, వింటుంది. సీతాపహరణం వార్త రాముడు విన్నది ఈ కొండ మీదేనని చెప్పుకునే వినుకొండ వాణ్ణి, నా మొగ్గు ఎటో వేరే చెప్పాలా!

శనివారం పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్లాను. మూడు ఫోన్లు ఒకచోట పెట్టి, రికార్డింగ్ మొదలుపెట్టి, ఒక్క చప్పట కొట్టాం. మూడింటికీ అదే సున్నా. రికార్డింగ్ ఆపకుండా వాటిని మూడు మూలలకు మోసుకెళ్లాం. ఒక పిల్లాడు గ్రౌండులో తనకు నచ్చిన చోట నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో ఒక్కటిచ్చాడు. ఆ చోటేదో మిగతా వాళ్లు లెక్కగట్టి చెప్పాలి.

శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మోత మొదటి ఫోనుకన్నా రెండోదానికి 0.1 సెకను ఆలస్యంగా చేరితే, పళ్లెం మొదటిదానికి 34 మీటర్లు దగ్గరన్నమాట. తేడా సరిగ్గా 34 మీటర్లు ఉండే చోట్లన్నీ కలిపితే వచ్చేది, ఇంటర్ పిల్లలు బట్టీపట్టే అతిపరావలయంలో ఒక కొమ్మ. మొదటి, మూడో ఫోన్లతో మరో గీత. రెండూ కోసుకున్న చోట పళ్లెం. వాడు ఎప్పుడు కొట్టాడో మనకు తెలియనక్కర్లేదు, నాకు ముచ్చటేసేది అక్కడే. మా లెక్కకూ వాడి చెప్పులకూ రెండడుగులు తేడా వచ్చింది. తప్పు మా కొలత టేపుదని నా అనుమానం.

మొదటి ప్రపంచ యుద్ధంలో లారెన్స్ బ్రాగ్ బృందం మైక్రోఫోన్లు వరుసగా పెట్టి శత్రు ఫిరంగుల జాడ తీసింది ఈ లెక్కతోనే. విమానాశ్రయంలో పళ్లెం బదులు విమానంలోని ట్రాన్స్‌పాండర్. తన గుర్తింపు సంకేతాన్ని 1090 మెగాహెర్ట్జ్‌లో పంపుతుంటే చుట్టూ ఉన్న రిసీవర్లు వింటాయి. రేడియో తరంగం నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది, అంటే గడియారాలు 10 నానోసెకన్లు తప్పితే 3 మీటర్లు గల్లంతు. అందుకని తెలిసిన చోట ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టి మాటిమాటికీ సంకేతం పంపిస్తారు. మా చప్పటే, కాకపోతే అది ఆగదు. ట్రాన్స్‌పాండర్ ఆపేస్తే మాత్రం ఈ చెవులకు ఏమీ వినపడదు. కాబట్టి పాత రాడార్‌నూ పక్కనే ఉంచుతారు.

రెండూ లేకపోతే ఏమవుతుందో 2001 అక్టోబరు 8న మిలాన్ లినాటేలో తెలిసింది. పొగమంచులో ఒక చిన్న జెట్ దారి తప్పి రన్‌వే మీదికి వచ్చింది. నేల రాడార్ పనిలో లేదు. 118 మంది పోయారు.

సరే, ఇవన్నీ పెట్టాక నేల మీద తిరిగే సమయం తగ్గుతుందా? మంచులో తగ్గుతుంది. కనపడనప్పుడు ఒక్కో విమానాన్నీ అడిగి అడిగి కదపాల్సిన బాధ తప్పుతుంది కదా. ఎండ కాసే రోజున తెర ఒక్కటే పెద్దగా ఒరగబెట్టేదేం లేదు. శివరాత్రికి కోటప్పకొండ దారిలో ప్రభలన్నీ ఒకేసారి చేరితే, కెమెరా పెట్టినంత మాత్రాన వరస కదులుతుందా? వంతు వచ్చేదాకా ప్రభ ఊళ్లోనే ఉండాలి. న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో 2010లో అతి పొడవైన రన్‌వేను మరమ్మతుకు నాలుగు నెలలు మూసినప్పుడు చేసిందదే. నేల నిఘా ఇచ్చే సమాచారం చూసుకుంటూ విమానాలను గేట్ల దగ్గరే ఆపి, వంతుల వారీగా వదిలారు. ఇంజన్లు తిప్పుకుంటూ రన్‌వే ముందు పడిగాపులు తగ్గాయి.

పళ్లెం ప్రయోగం మీ బళ్లోనూ చేసి చూడండి. ఫోన్లు మోసుకెళ్లేటప్పుడు మాత్రం రికార్డింగ్ ఆగకుండా చూసుకోండి. మేం ఒకదాన్ని ఆపేసి, మళ్లీ చప్పట దగ్గర్నుంచి మొదలుపెట్టాం.