మీకు తెలుసా? మంటకన్నా ముందు పొగే వస్తుంది
2025 మే 18 ఉదయం హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో ఓ ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. ఎక్కువమంది పొగకు ఊపిరాడకే పోయారు. బయటికి దారి కూడా ఇరుకే.

ఇల్లు కొనేటప్పుడు ఈ పొగ సంగతి కూడా అడగాలి. 2022 మార్చి 28న పునర్నిర్మించిన ఆలయం తెరిచాక యాదగిరిగుట్ట చుట్టుపక్కల ఎటు చూసినా రియల్ ఎస్టేట్ వెంచర్ బోర్డులే. ఇల్లు చూపించే ఏజెంటు వాస్తు చెప్తాడు, బోరు చెప్తాడు, గుట్ట ఎంత దూరమో చెప్తాడు. పైకప్పు వైపు మాత్రం చెయ్యి చూపించడు. అక్కడ ఉండాల్సింది అరచేతిలో పట్టే స్మోక్ డిటెక్టర్. ఫొటోఎలక్ట్రిక్ రకంలో లోపల సన్నటి వెలుతురు ఉంటుంది. పొగ దూరి ఆ వెలుతురును చెదరగొట్టి సెన్సర్ మీద పడేస్తే అలారం మోగుతుంది.

పడకగదుల్లో, వాటి బయట బిగించాలి. వంటింట్లో వద్దు: పోపు పెట్టినప్పుడల్లా మోగితే విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు! నెలకోసారి బటన్ నొక్కి చూడాలి, 10 ఏళ్లకు మార్చాలి. గ్యాస్ లీకును ఇది పసిగట్టదు. దానికి వేరే డిటెక్టర్ కావాలి, అదీ నేలకు దగ్గరగా. ఎల్పీజీ గాలికన్నా బరువు కదా.

అపార్ట్‌మెంట్ ఎత్తు 18 మీటర్లో ఆపైనో ఉంటే అగ్నిమాపక శాఖ ఇచ్చిన నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కాపీ అడగండి.