కొత్త కార్డు - పాత చిరునామా

సికిందరాబాదు పార్కు లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో వ్రేలిగోరంత మెమరీ కార్డులు కొల్లలుగా దొరకును. 2012లో వెలువడిన రాస్ప్‌బెరీ పై అను చిన్న కంప్యూటరును నడుపువారు ఇరుకైన పాత కార్డును విడిచి పెద్దది కొని, అందులోనికి లినక్సు ఫైళ్లన్నింటిని నకలు చేసుకొందురు. ఒక్క అక్షరమైనను పోలేదు. అయినను యంత్రము లేవదు. కార్డు చెడినదని అంగడికి పరుగెత్తుటకు ముందు మా మాట కొంచెము ఆలకింపుడని శ్రోతలను కోరుచున్నాము.

మారేడుపల్లిలో ఇల్లు ఖాళీచేసి తిరుమలగిరి చేరినవారు సామానంతయు తెచ్చుకొందురు. ఉత్తరములు మాత్రము పాత ఇంటికే పోవుచుండును. ఇక్కడ జరిగినదియు అదే. కార్డులోని ప్రతి భాగమునకును పార్ట్‌యూయూఐడీ అను గుర్తు సంఖ్య కలదు. కార్డును కొత్తగా విభజించినప్పుడు కొత్త సంఖ్య పుట్టును. లినక్సు తన మూలభాగమును ఆ సంఖ్యతోనే వెదకును. నకలు చేసిన ఫైళ్లలో ఉన్నదో, పాత సంఖ్య! లేని భాగము కొరకు యంత్రము వేచియే యుండును.

దిద్దవలసిన చోట్లు రెండు. మొదటిది సీఎండీలైన్ ఫైలు. ఇది ఫ్యాట్ పద్ధతి భాగములో ఉండుటచే విండోసు కంప్యూటరులోనైనను దిద్దవచ్చును. అందున్నదంతయు ఒకే పంక్తిగా ఉండవలెను. అందము కొరకు ఎంటరు మీట నొక్కితిరా, మరల చిక్కే. రెండవది ఈటీసీ ఫోల్డరులోని ఎఫ్‌స్టాబ్. చాలమంది దీనిని మరచెదరు. అప్పుడు యంత్రము సగము లేచి, సుమారు ఒకటిన్నర నిమిషము చూచి, అత్యవసర స్థితిలో ఆగిపోవును. ఈ ఫైలున్న భాగమును విండోసు తనంతట తాను చదువలేదు.

మరి దిద్దుట యెట్లు? పాత కార్డుతోనే యంత్రమును లేపి, కొత్తదానిని యూఎస్‌బీ రీడరులో తగిలించి, బీఎల్‌కేఐడీ ఆదేశముతో కొత్త సంఖ్యను చూచి, రెండు చోట్లను సరిచేయవచ్చును. అందుచేతనే, కొత్త కార్డుతో యంత్రము రెండుమూడు మారులు లేచువరకు పాతదానిని చెరుపరాదని మా గట్టి అభిప్రాయము. ఏండ్ల తరబడి తీసిన ఇంటి ఫొటోలను అందులోనే దాచుకొన్నవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

డీడీ ఆదేశముతో కార్డు మొత్తమును అచ్చుదించినచో సంఖ్యయు దానితోనే వచ్చును గనుక ఈ బెడద లేదు. కాని 32 జీబీ అని ముద్రించిన రెండు కార్డులు సరిగా ఒకే కొలతలో ఉండవలెనని లేదు; కొత్తది కొంచెము చిన్నదైనచో చివర తెగును. ఆ జంటను ఒకేసారి యంత్రమునకు తగిలింపరాదు. సంఖ్య ఒక్కటే గనుక రెండింటిలో దేనిని పట్టునో చెప్పలేము.