కోత మిషనుకూ వంతు కావాలి

కావలి: చెరువు కింద నీటికి వంతు ఉంది. ఎవరి కయ్యకు ఎప్పుడు నీరు పారాలో ఊరందరికీ తెలుసు. వంతు తప్పితే అడగడానికి పెద్దమనుషులు ఉన్నారు. కాని కోతల కాలంలో పొలానికి వచ్చే మిషనుకు ఇలాంటి కట్టుబాటు లేకపోతే ముందుగా అడ్వాన్సు చేతిలో పెట్టినవారిదో, డ్రైవరును ఎరిగినవారిదో పైచేయి అవుతుంది. చిన్న రైతు గట్టు మీద ఎదురుచూడవలసిందే. పండిన పైరు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఒక్క వాన పడితే చేను వాలిపోతుంది, గింజ మొలకెత్తుతుంది.

నెల్లూరు జిల్లాలో ప్రధాన వరి పంట మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకు వస్తుంది. ఊళ్లన్నీ ఇంచుమించు ఒకేసారి మిషను కోసం చూస్తాయి. తమిళనాడు నుంచి వచ్చే మిషన్లే చాలామందికి దిక్కు. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు ఈ రాకపోకలకే అడ్డం వచ్చింది. ఆ నెలాఖరులో కేంద్ర ప్రభుత్వం కోత యంత్రాలకు, యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాలకు మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది.

సొంత మిషను కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే నలుగురూ కలిసి వాడుకునే ఏర్పాటు వచ్చింది. 2022 జూన్ 7న గుంటూరులో ప్రారంభమైన యంత్రసేవా పథకం కింద రైతు గ్రూపులకు 40 శాతం సబ్సిడీ, 50 శాతం బ్యాంకు రుణం ఇచ్చారు. మిగిలిన 10 శాతం గ్రూపు వాటా. 2023 జూన్ 2న రెండో విడతగా 2,562 ట్రాక్టర్లు, 100 వరికోత మిషన్లు, 13,573 ఇతర పనిముట్లు పంపిణీకి విడుదలయ్యాయి. 15 రోజులు ముందుగా యంత్రాన్ని బుక్ చేసుకునేందుకు సెల్‌ఫోను యాప్ కూడా తెచ్చారు. అంతకు ముందే, 2019లో, 50 కిలోమీటర్ల లోపు అద్దె యంత్రాల ఆచూకీ తెలిపే యాప్‌ను కేంద్రం ప్రవేశపెట్టింది.

యాప్ చేసే పని చిన్నదే. ఒక యంత్రాన్ని ఒకే రోజు ఇద్దరికి రాయనివ్వదు. ఒకరు మానుకుంటే ఆ రోజు ఖాళీ అయిందని చూపుతుంది. అద్దె ఎంతో ముందే తెలుస్తుంది. తేదీ మీద తగాదా తగ్గుతుంది.

అయితే పొలం పని ఆఫీసులో సమావేశపు గది లాంటిది కాదు. గది పదింటికి ఖాళీ అంటే ఖాళీయే. రాత్రి వాన కురిస్తే మర్నాటి కోత ఆగిపోతుంది, వెనుక ఉన్నవారి తేదీలన్నీ జరుగుతాయి. కయ్యలో తడి ఉంటే టైరు మిషను దిగబడుతుంది, చైన్ మిషను కావాలి. కాబట్టి పేరు, తేదీ రాస్తే చాలదు. ఎన్ని ఎకరాలు, పైరు ఎప్పుడు పండుతుంది, నేల ఆరిందా అన్నవీ రాయాలి. పక్కపక్క పొలాలను ఒకే రోజుకు కూరిస్తే మిషను తిరిగే డీజిలూ కలిసివస్తుంది.

ఆఫ్రికాలోని నైజీరియాలో 2014లో మొదలైన ఒక ట్రాక్టరు బుకింగు సంస్థ ఈ కిటుకునే పట్టింది. ఒక్క ఎకరం కోసం ట్రాక్టరు అంత దూరం రాదు. అందుచేత ఊళ్లో ఒక ఏజెంటు చిన్న రైతుల అవసరాలన్నీ పోగుచేసి ఒక్క బుకింగుగా పంపుతాడు. స్మార్టు ఫోను లేని రైతుకూ అలా వంతు దక్కుతుంది.

మన ఊళ్లలో ఇందుకు వేదిక ఉంది. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా వెలిసినవి ఇప్పుడు రైతు సేవా కేంద్రాలు. ఫోనులో ఉన్న వరుసనే రోజూ కేంద్రం గోడ మీద బోర్డుపై రాయాలి. ఫోను లేనివారి పేరు, కౌలు రైతు పేరు నోటిమాట మీద కూడా నమోదు చేయాలి. వరుస మారితే కారణం పక్కనే రాయాలి. గోడ మీద పేరు అందరూ చదువుతారు గనుక దాన్ని చాటుగా ముందుకు జరపడం కష్టం.

కాలువ చివరి భూమికి నీరు చేరితేనే వంతు సరిగ్గా నడిచినట్టు. మిషను విషయంలోనూ అంతే. అర ఎకరం రైతు కయ్యలోకి అది చెప్పిన రోజున దిగిందా లేదా అన్నదే చూడాలి.