శబ్దభేది

సరయూ తీరంలో చీకటివేళ కడవ మునిగిన చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుతున్నదని భ్రమించి దశరథుడు బాణం వేసిన కథ మనమెరిగినదే. చెవి లక్ష్యమున్న చోటును సరిగానే చెప్పింది. ఆ లక్ష్యమేదో చెప్పలేకపోయింది. శబ్దంతో లక్ష్యాన్ని గుర్తించే ఆ విద్యకు యంత్రరూపమే సోనార్. దాని అవసరం గోదావరిలో ఒకనాడు అత్యంత దారుణంగా తెలిసివచ్చింది.

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం వద్ద విశాలంగా పారే గోదావరి, దిగువన పాపికొండల నడుమ ఇరుకై, లోతై సాగుతుంది. 2019 సెప్టెంబరు 15న అక్కడి కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' అనే పర్యాటక పడవ వరద ఉధృతికి మునిగిపోయింది. మృతులలో వరంగల్లు సమీపంలోని కడిపికొండ వాసులు పలువురున్నారు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలు 2016 వరకు వరంగల్లు జిల్లాలోనివే కనుక ఆ శోకం ఇక్కడివారికి పరాయిది కాదు. కొందరి దేహాలు పడవతోపాటే నదీగర్భంలో చిక్కుకొన్నాయి. పడవ ఎక్కడున్నదన్నదే తీరాన నిలిచిన బంధువుల ప్రశ్న.

ఎర్రని వరదనీటిలో వెలుగు చొరబడదు. రేడియో తరంగాలు నీటిలో కొద్ది దూరానికే క్షీణిస్తాయి. ధ్వని మాత్రం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, నీటిలో సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది. సోనార్ పరికరం నీటిలోనికి ధ్వనిని పంపి, అది తిరిగి వచ్చేవరకు వేచి ఉంటుంది. ప్రతిధ్వని 0.08 సెకన్లలో వచ్చిందనుకొందాం. వేగాన్ని కాలంతో గుణిస్తే 120 మీటర్లు. పోయిన దారినే తిరిగి వచ్చింది గదా, అందుచేత వస్తువు 60 మీటర్ల దూరాన ఉన్నట్లు లెక్క.

ఇంతవరకు తెలిసేది దూరమే. దశరథుని పొరపాటు జరగకుండా ఉండాలంటే ఆకారం కూడ తెలియాలి. అందుకు 'సైడ్ స్కాన్ సోనార్' ఉన్నది. ఇది ముందుకు సాగుతూ ఇరుపక్కలకు విసనకర్ర వలె ధ్వనిని వెదజల్లుతుంది. గట్టి వస్తువు నుండి బలమైన ప్రతిధ్వని వస్తుంది. దాని వెనుక ధ్వని చేరని చోటు నీడగా మిగులుతుంది. ఆ నీడ పొడవును బట్టి వస్తువు ఎత్తును అంచనా వేస్తారు. బండరాయి నీడ వేరు, పడవ నీడ వేరు. (జలాంతర్గామి యంత్రాల సవ్వడిని మౌనంగా ఆలకించి దాని జాడ పట్టే మరొక పద్ధతి నౌకాదళాలలో ఉన్నది. అదే అచ్చమైన దశరథ విద్య!)

ఈ పరికరంతో గాలించిన నిపుణులు 200 అడుగులకు పైగా లోతున పడవ జాడను గుర్తించారు. కాని చోటు తెలిసినంత మాత్రాన పడవ పైకి రాలేదు. వరద, సుడిగుండాలు పదేపదే అడ్డుపడ్డాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, ఇనుప మోకులతో పట్టువదలక శ్రమించి, అక్టోబరు 22న, అంటే 38వ రోజున, శిథిలమైన ఆ పడవను ఒడ్డుకు చేర్చింది. అందులో మరికొన్ని దేహాలు లభించాయి.