గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో వెంటిలేటర్ మూయొద్దు

చలి మొదలైతే కోఠి, నారాయణగూడ పాత బిల్డింగుల్లో చాలామంది బాత్రూం వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టేస్తారు. లోపల గ్యాస్ గీజర్ ఉంటే ఆ అట్టముక్కే ప్రమాదం.

సిలిండర్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది. ఎల్పీజీకి అసలు వాసన ఉండదు, లీకేజీ పసిగట్టాలనే ఘాటు వాసన కలుపుతారు. కానీ గాలి చాలక గ్యాస్ సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తల తిరగడం, వికారం. ఆ తర్వాత గడియ తీసే ఓపిక కూడా ఉండదు. పిల్లలు స్నానానికి వెళ్లి ఆలస్యం చేస్తే ఫోన్ చూస్తున్నారేమో అనుకోకండి, తలుపు కొట్టండి.

గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడేచోట పెట్టించడమే మేలు. అద్దె ఇంట్లో అది కుదరకపోతే బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, తలుపు కాసేపు తెరిచి ఉంచాకే స్నానానికి వెళ్లాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగులోకి మారినా, మసి పట్టినా వాడకం ఆపి మెకానిక్‌తో బర్నర్ క్లీన్ చేయించాలి. ఏడాదికోసారి సర్వీసింగ్ తప్పదు. రబ్బరు ట్యూబుపై ముద్రించిన తేదీ కూడా చూడండి, 5 ఏళ్లు దాటితే మార్చేయాలి.

ఎవరైనా లోపల పడిపోతే ముందు బయటి గాలిలోకి తీసుకురండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్యాస్ లీకైతే 1906.