దీర్ఘకాలిక నొప్పులకు దినచర్యలోనే ఉపశమనం

ముదినేపల్లి: సార్వా నాట్ల కాలంలో మోకాలి లోతు బురదలో నడుము వంచి, వెనుకకు అడుగు వేస్తూ గంటల తరబడి పని చేయడం డెల్టా వ్యవసాయ కూలీలకు అనివార్యం. చేపల చెరువులపై వల లాగడం, మేత బస్తాలు మోయడం కూడా నడుముకు, భుజాలకు భారమైన పనులే. ఏళ్ల తరబడి సాగే ఇట్టి శ్రమ వలన నడుము నొప్పి, వయసుతో పాటు మోకీళ్ల అరుగుదల పలువురిని బాధిస్తున్నవి. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరిన ముదినేపల్లి మండలంలోనూ జనజీవనం ఈ రెండు వృత్తులతో ముడిపడి ఉన్నది.

మూడు నెలలకు మించి కొనసాగే, లేదా తగ్గి మరల వచ్చే నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామం, రోగికి తగిన అవగాహన, మానసిక చికిత్స వంటివి అందించవలెనని ఆ సంస్థ 2023 డిసెంబరులో సూచించింది. నడుము బెల్టులను, నల్లమందు జాతి మందులను సాధారణ చికిత్సగా వాడరాదని కూడా స్పష్టం చేసింది.

నొప్పి ఉన్నదని మంచం పట్టినచో కండరాలు బలహీనపడి బాధ మరింత పెరుగుతుంది. నొప్పి తగ్గిన రోజున పనంతా ఒక్కసారే ముగించబోయినా మరునాడు లేవలేని స్థితి ఏర్పడుతుంది. కనుక పనిని భాగాలుగా చేసుకొని, నొప్పి ముదరక ముందే కొద్దిసేపు ఆగి, నడుము నిటారుగా నిలపాలి. నారు కట్టలు, బస్తాలు ఎత్తునపుడు నడుము కాక మోకాళ్లు వంచి, బరువును శరీరానికి దగ్గరగా పట్టుకోవాలి. మోకాలి నొప్పి ఉన్నవారు నేలపై గొంతుకూర్చొనుట తగ్గించి, కుర్చీలో కూర్చొని ఒక్కొక్క కాలును చాచి అయిదు సెకన్లు నిలిపే వ్యాయామం రోజూ పదిసార్లు చేయవచ్చును. వేడినీటి కాపడం తాత్కాలిక ఉపశమనమిస్తుంది. అయితే మధుమేహం వలన పాదాలకు స్పర్శ తగ్గినవారు కాలిన గాయాలు కాకుండా జాగ్రత్త వహించాలి. నిద్రలేమి, దిగులు నొప్పిని పెంచుతాయి. కనుక బాధితులు చెప్పే బాధను నటనగా కొట్టివేయక, కుటుంబ సభ్యులు ఇంటి పనిలో పాలు పంచుకొనుట అవసరం.

అన్నింటికన్న ముఖ్యమైనది నొప్పి మాత్రల విషయం. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి మందులను వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి వాడినచో జీర్ణాశయంలో పుండ్లు, రక్తస్రావం ఏర్పడే ప్రమాదమున్నది. ఇవి మూత్రపిండాలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, తగినంత నీరు త్రాగని కూలీకి ఈ ముప్పు మరింత అధికం. రక్తపోటు మందులు వాడుతున్నవారు, వృద్ధులు మరింత అప్రమత్తంగా ఉండాలి. వేర్వేరు పేర్లు గల రెండు మాత్రలలో ఒకే మందు ఉండవచ్చును. నేటి కూలి కోసం మ్రింగే మాత్ర రేపటి మూత్రపిండాలకు చేటు కారాదు.

కాళ్లలో ఆకస్మిక బలహీనత లేదా మొద్దుబారుట, మలమూత్రాలపై అదుపు తప్పుట, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గుట, క్రిందపడిన తరువాత తీవ్రమైన నొప్పి వంటి లక్షణాలు కనిపించినచో ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. తక్కినవారు సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుని సంప్రదించి, తాము వాడుతున్న మందులన్నింటినీ చూపాలి.

పని ప్రదేశాలలో త్రాగునీరు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి కల్పించుట, నాటు యంత్రాలు, డ్రమ్ సీడర్ల వాడకం ద్వారా వంగి చేసే పనిని తగ్గించుట కూడా నొప్పి నివారణలో భాగమేనని రైతులు, గ్రామస్థాయి అధికారులు గుర్తించవలసి ఉన్నది.