రోడ్డు ఊరిది... లెక్క బీరువాలో!

మా మండలంలోని ఓ ఊరికి నిరుడు సిమెంటు రోడ్డు పడింది. రామాలయం దగ్గర మొదలై ఎస్సీ కాలనీ మలుపు దాకా వేశారు. మొదటి వానాకాలం దాటకముందే నడుమ బీటలు వారింది. ఇప్పుడు ఆ బీటలో వేలు దూరుతోంది. రెండుచోట్ల కంకర పైకి తేలింది. పాలక్యాన్లు కట్టుకుని బండిమీద వెళ్లేవాళ్లు రోడ్డు దిగి పక్కన మట్టిలోంచి పోతున్నారు.

దీనికి ఎంత ఖర్చయిందంటే ఊళ్లో మూడు లెక్కలు వినిపిస్తున్నాయి. రచ్చబండ దగ్గర ఒకటి, టీకొట్టు దగ్గర ఒకటి, ఆ పనికి కూలికి వెళ్లినవాళ్లు చెప్పేది మరొకటి. పని దగ్గర బోర్డు పెట్టలేదు. అసలు లెక్క అంచనా కాగితాల్లో, ఎం బుక్కులో ఉంది. ఆ రెండూ ఆఫీసు బీరువాలో ఉన్నాయి.

ఎం బుక్కు అంటే కొలతల పుస్తకం. రోడ్డు పొడవు, వెడల్పు, మందం కొలిచి ఇంజినీరు రాసేది. బిల్లు చెల్లించేది దాన్నిబట్టే. అందులో ఆరంగుళాల మందం అని ఉండి, రోడ్డు అంచున టేపు పెడితే నాలుగే తేలితే ఇక వాదన అక్కర్లేదు.

ఊరివాళ్లు ఇద్దరు ఆఫీసుకు వెళ్లి ఆ పుస్తకం చూపించమన్నారు. ‘మీకెందుకు?’ అన్నారు. తిరిగొచ్చేశారు.

ఆ ప్రశ్న వేసే అధికారం గుమాస్తాకే కాదు, కలెక్టరుకు కూడా లేదు. 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం ఆరో సెక్షను ప్రకారం అడిగేవారు కారణం చెప్పనక్కర్లేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసి, చిరునామా వేస్తే చాలు. రాయడం రానివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారే సాయపడాలి. ఈ మాట వేలిముద్ర వేసేవాళ్లలో ఎందరికి తెలుసు?

ఫీజు నిర్ణయించే అధికారాన్ని చట్టం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి ఇచ్చే దరఖాస్తుకు ఫీజు లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. మామూలు కాగితం మీద నకలుకు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు ఏమీ కట్టక్కర్లేదు. మండల కేంద్రానికి ఆటో ఖర్చే ఇంతకన్నా ఎక్కువ.

జవాబుకు గడువు 30 రోజులు. ‘అది మా ఆఫీసుది కాదు’ అని కాగితం తిప్పికొట్టకూడదు. సంబంధిత కార్యాలయానికి 5 రోజుల్లో వాళ్లే పంపి, ఆ సంగతి మనకు తెలపాలి. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవాలి. అక్కడా పని జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేస్తుంది.

అయితే కమిషన్ దాకా పోయిన వ్యవహారం రేపే తేలుతుందనుకోవద్దు. మొదటి కాగితంలోనే తెలివిగా అడగాలి. ‘రోడ్డు ఎందుకు పగిలింది?’ అని రాస్తే జవాబు రాదు. ‘ఫలానా రోడ్డు అంచనా, ఎం బుక్కు పేజీలు, చెల్లించిన బిల్లులు, నాణ్యత పరీక్ష నివేదిక నకళ్లు ఇప్పించండి’ అని రాయాలి. కాగితాలే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సరుకు నమూనాను ధ్రువీకరించి ఇమ్మని అడగడానికి కూడా చట్టంలో వీలుంది. సిమెంటు పెళ్లను పరీక్షకు అడగవచ్చన్నమాట!

2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం ద్వారా ఈ చట్టంలోని 8(1)(జె)ని మార్చారు. వ్యక్తిగత సమాచారం అంటూ కాదనే వీలు దాంతో పెరిగింది. కానీ ఊరి రోడ్డు ఎం బుక్కు ఎవరి సొంత వ్యవహారమూ కాదు. పైగా బడ్జెటు, ఖర్చులు సహా 17 అంశాలను ఎవరూ అడక్కముందే ప్రతి కార్యాలయమూ ప్రకటించాలని నాలుగో సెక్షను చెబుతోంది.

ఆఫీసు నుంచి తిరిగొచ్చిన ఇద్దరిలో ఒకరు ఈమధ్య మళ్లీ వెళ్లారు. ఈసారి రెండు ప్రతులు రాసుకుని పోయి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నారు. దాన్ని పొలం పాసుపుస్తకంతోపాటు ట్రంకుపెట్టెలో దాచారు. ఇవాళ్టికి 18 రోజులైంది.